తెడ్డు పట్టిన వీరనారి

ముత్తన్నను ఆ ఇంట్లో ఎవరూ కట్టేయలేదు. అతని గది తలుపుకు గొళ్ళెం లోపలి వైపే ఉంది. మేడ మీదికీ కిందికీ తిరగొచ్చు, వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టించుకోవచ్చు, మిద్దెక్కి బట్టలు ఆరేసుకోవచ్చు. ప్రహరీ గేటు మాత్రం రిమోట్‌తో తెరుచుకుంటుంది. ఆ రిమోట్ ఇంటి యజమాని నాదిర్ జేబులో ఉంటుంది.

మిద్దె మీద నిలబడితే బహ్రెయిన్‌లోని అరాద్ ఇళ్ళ కప్పులూ, వాటి మీది నీళ్ళ ట్యాంకులూ, ఆ వెనక విమానాశ్రయం కనిపించేవి. విమానాలు చక్రాలు లెక్కపెట్టగలిగేంత కిందుగా పోయేవి. మొదట్లో ప్రతి విమానాన్నీ తలెత్తి చూసేవాడు. పోనుపోను చప్పుడు వినిపించినా తల ఎత్తడం మానేశాడు.

అతనిది నిర్మల్. తరాలుగా బొమ్మల పని చేసే నకాషీ వాళ్ళ ఇల్లు. తాత గంజీఫా అనే పాతకాలపు పేకముక్కలు వేసేవాడట. గుడ్డ మీద చింతగింజల గంజి పూసి, ఎండబెట్టి, గుండ్రంగా కోసి, రూపాయి బిళ్ళకంటే కాస్త పెద్ద చోటులో దశావతారాల్లో ఒక అవతారాన్ని నిలబెట్టేవాడట. ఆడేవాళ్ళు పోయాక ఆ పనీ పోయింది. తండ్రి కొయ్యబొమ్మలకూ పళ్ళేలకూ రంగులేశాడు. ముత్తన్న దాకా వచ్చేసరికి బీరువాలూ తలుపులూ మిగిలాయి. అవి కూడా తగ్గాక దుబాయి పోతున్నానని ఊళ్ళో చెప్పి బహ్రెయిన్ చేరాడు. మామీర్‌లో కూలీల క్యాంపులో ఉండేవాడు. కంపెనీ బస్సు ఏ ఇంటి దగ్గర దింపితే ఆ ఇంటికి సున్నమో రంగో వేసేవాడు.

అలాగే ఒకరోజు అరాద్‌లో నాదిర్ ఇంటికి రంగులేయడానికి వచ్చాడు. ఇంటి నిండా పాత సామానే. ఇత్తడి కూజాలు, చెక్క పెట్టెలు, తివాచీలు, చేతిరాత పుస్తకాలు. నాదిర్ వాటిని దూరదేశాల వాళ్ళకు అమ్మేవాడు. అరవై దాటిన మనిషి, చక్కగా కత్తిరించిన తెల్ల గడ్డం, ఎప్పుడూ పెంచని గొంతు. ఒకరితో అరబ్బీ మాట్లాడేవాడు, ఇంకొకరితో ఇంగ్లీషు, పనివాళ్ళతో ఉర్దూ. అసలు ఏ దేశంవాడో ముత్తన్నకు చివరిదాకా తెలియలేదు. గోడకు రంగేస్తూ ముత్తన్న పక్కనే ఉన్న పెట్టె మీద బంగారు పూత లేచిపోవడం చూశాడు. చేయి ఊరుకోలేదు. భోజనాల వేళ కూర్చుని దాన్ని సరిచేశాడు. నాదిర్ వచ్చి వంగి చూశాడు. వేలితో తడిమి చూశాడు. ఎక్కడ అతుకు పడిందో కనిపించలేదు.

"గోడలకు సున్నం కొట్టే చేయి కాదు ఇది. నా దగ్గరికి వచ్చెయ్. మీ కంపెనీతో నేను మాట్లాడతాను, వీసా నా పేరు మీదికి మార్పిస్తాను" అన్నాడు.

ముత్తన్న సంచి సర్దుకుని వచ్చేశాడు. కంపెనీతో నాదిర్ మాట్లాడాడో లేదో దేవుడికి తెలియాలి. కొన్నాళ్ళకు క్యాంపులో ఉన్న స్నేహితుడు గంగరాజు ఫోన్ చేశాడు. "నువ్వు పారిపోయినవని మనకు వీసా ఇచ్చిన కఫీల్ కేసు వెట్టిండే. పాస్‌పోర్టు ఆళ్ళ దగ్గర్నే ఉన్నది. బయట దొర్కితే లోపలేస్తరు, జర పైలం."

నాదిర్‌ను అడిగితే "నేను చూసుకుంటాగా. అయ్యేదాకా గేటు దాటకు, నీ మంచికే చెప్తున్నాను" అన్నాడు. అప్పటినుంచి ఎప్పుడు అడిగినా అదే మాట. అదే చల్లని గొంతు.

ఆ ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి ఇంకొకరు ఉన్నారు. వంటా, ఇంటిపనీ చేసే సత్యకుమారి. రాజోలు వైపు మనిషి. రెండేళ్ళ ఒప్పందం మీద వచ్చింది, అది ఎప్పుడో దాటిపోయింది. ఆమె పాస్‌పోర్టు నాదిర్ బీరువాలో ఉంది. వెళ్తానంటే, కొత్త మనిషి దొరకనీ అంటాడు. అరిచేవాడు కాదు, కొట్టేవాడు కాదు. పండక్కి కొత్త బట్టలు కొనిచ్చేవాడు.

"తిట్టినా బాగుణ్ణన్నయ్యా, నలుగురికి చెప్పుకోవడానికుంటాది. ఇలా నవ్వుతా కూచోబెడితే ఏమని చెప్పుకుంటాం?" అనేది.

ముత్తన్న దగ్గర ఫోన్ ఉంది. కానీ ఎవరికి చేయాలి? రోజూ ఇంటికి చేసేవాడు. భార్య భూలక్ష్మి వీడియోలో ఏసీ గది చూసి మురిసిపోయేది. "మామీర్ల ఎండకు సచ్చెటోనివి. ఇప్పుడు కూసుండి బొమ్మలేస్తున్నవ్. మీ తాత పేరు నిలవెడుతున్నవని వాడకట్టంత చెప్పిన" అనేది. ఆ తర్వాత నిజం చెప్పడానికి అతనికి నోరు వచ్చేది కాదు.

ఒక మధ్యాహ్నం నాదిర్ సన్నని చెక్కపెట్టె ఒకటి పట్టుకుని పై గదికి వచ్చాడు. అందులో పేకముక్కలు. మనం ఆడే ముక్కల్లాంటివి కావు. రెండు వేళ్ళ వెడల్పు, అరచేతికి మించిన పొడవు, పాతబడి తేనె రంగుకు తిరిగిన మందపాటి కాగితం. ఒక్కో ముక్క మీద ఒక్కో మనిషి నిలబడి ఉన్నాడు. వెనక కొండ లేదు, చెట్టు లేదు, కాళ్ళ కింద నేలైనా గీయలేదు. ఒకడు భుజాన గొడ్డలి పెట్టుకుని వెనక్కి చూస్తున్నాడు. ఒకడు చినిగిన చెప్పు కుట్టుకుంటున్నాడు. ఒక ముసలాయన చేపను తోకపట్టి ఎత్తి నవ్వుతున్నాడు. పక్కన నిలువుగా చైనా అక్షరాలు.

"చైనా వాళ్ళ పాత కథల్లోని వీరులు. రాజుల మీద తిరగబడ్డవాళ్ళు" అన్నాడు నాదిర్. "విందుల్లో ఆడే ఆట ఇది. మధ్యలో ముక్కలు పేర్చి పెడతారు. వంతు వచ్చినవాడు ఒకటి తీస్తాడు. ఎవరు గిన్నె ఎత్తి తాగాలో ఆ పక్కన రాసి ఉంటుంది. బట్టతలవాడు తాగాలి, అప్పు ఎగ్గొట్టినవాడు తాగాలి, ఇలా. కొన్ని ముక్కలు పోయాయి. అవి నువ్వు వేయాలి."

ముత్తన్న ఒక ముక్కను వెలుగుకు పట్టి చూశాడు. గీత ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో వెతికాడు. భుజం దగ్గర మొదలైన కుంచె అంగీ అంచుదాకా ఎత్తకుండా దిగింది. తాత గీత కూడా ఇలాగే ఉండేదని తండ్రి చెప్పేవాడు. 

నాదిర్ పాత చేతిరాత పుస్తకాల చివర్లలోని ఖాళీ కాగితాలు తెచ్చి ఇచ్చాడు. పోయిన ముక్కల బొమ్మలు ఎక్కడో సంపాదించి ఫోన్‌లో చూపించాడు. ముత్తన్న కాగితాలను జిగురుతో అంటించి మందం తెచ్చాడు. టీ డికాషన్‌లో ముంచి ఆరబెట్టాడు. దీపం మసి నూరి సిరా చేశాడు. మొదటి రెండు మూడు చెడిపోయాయి. తర్వాత చేయి పట్టు దొరికింది. కూర్చుంటే అన్నం సంగతి గుర్తుండేది కాదు. సత్యకుమారి కంచం తెచ్చి పక్కన పెట్టి, చల్లారిపోయాక వచ్చి తిట్టేది. చాలా ఏళ్ళ తర్వాత అతను చేస్తున్న పని మీద అతనికి మోజు పుట్టింది. గేటు సంగతి మరిచిపోయిన రోజులు ఏవైనా ఉంటే అవే.

ఒక ముక్కకు మాత్రం బొమ్మ దొరకలేదు. "ఎవరో వీరనారి. పడవ నడిపేదట. నీకు తోచినట్టు వేసెయ్" అని నాదిర్ పక్కన రాయాల్సిన అక్షరాలు మాత్రం చూపించాడు.

ముత్తన్న తెడ్డు పట్టుకుని నిలబడిన ఆడమనిషిని గీశాడు. ఒళ్ళు బాగానే వచ్చింది. ముఖం దగ్గర కుంచె ఆగింది. చైనా ఆడవాళ్ళ ముఖాలు అతను ఎరగడు. ఇన్నాళ్ళుగా ఎదురుగా చూస్తున్న ఆడముఖం ఒకటే. కాస్త వెడల్పు దవడలు, కనుబొమ్మలు కలిసే చోట చిన్న ముడి. గీయడం అయ్యాక కుంచె కొసతో ముక్కుకు రెండు వైపులా రెండు చుక్కలు పెట్టాడు. పెట్టకూడదని తెలుసు. తెలిసే పెట్టాడు. 

కంచం తీయడానికి వచ్చిన సత్యకుమారి చూసి గుండె మీద చేయి వేసుకుంది. "బాబోయ్, ఇది నేనేంటన్నయ్యా? ముక్కుపుడకలతో సహా దింపేశావు!"

"జర మెల్లగ చెల్లె. సేఠ్ ఇంటడు."

"మరి చూస్తే?"

"ఆయిన గీత చూస్తడు, కాయిదం పాతగున్నదా లేదా చూస్తడు. నీ మొకం ఎన్నడన్న సక్కగ చూసిండా?"

ఆమె కంచం పట్టుకుని వెళ్ళిపోయింది. నిజంగానే నాదిర్ ఆ ముక్కను భూతద్దం పెట్టి అటూ ఇటూ తిప్పి, "శభాష్" అని పెట్టెలో పెట్టేశాడు.

ముక్కలన్నీ పూర్తయ్యాయి. ముత్తన్న ధైర్యం కూడదీసుకుని, కేసు తీయించి ఇంటికి పంపమని అడిగాడు. నాదిర్ అతన్ని కూర్చోమన్నాడు. తన చేత్తో టీ పోసి ఇచ్చాడు.

"ఎక్కడికి వెళ్తావు ముత్తన్నా? ఇంకో పెట్టె వస్తోంది, ఇరాన్ నుంచి. ఇంత మంచి చేయిని నేను గోడల మీదికి పంపనా?"

"నా పాస్‌పోర్టు..."

"చూడు. ఈ ముక్కలు మూడొందల ఏళ్ళనాటివని చెప్పి అమ్ముతున్నాను. రేపు ఎవరైనా వచ్చి ఇవి దొంగవి అంటే, వేసింది ఎవరు? సిరా ఎవరిది? గోళ్ళలో మసి ఎవరికి ఉంది? నేను వ్యాపారిని, మోసపోయానంటాను. నువ్వేమంటావు? పైగా నువ్వు పారిపోయిన మనిషివి." అతని భుజం మీద చేయి వేశాడు. "భయపెట్టడం లేదు భాయ్. మనమిద్దరం ఒకే పడవలో ఉన్నామంటున్నాను, అంతే."

ముత్తన్న తన వేళ్ళు చూసుకున్నాడు. గోళ్ళ సందుల్లో నిజంగానే మసి ఉంది. ఇన్నాళ్ళూ గేటు ఒక్కటే అడ్డం అనుకున్నాడు. ఇష్టంగా గీసిన ఒక్కో గీతా తన చుట్టూ తానే కట్టుకున్న గోడ అయిందని ఆ క్షణంలో తెలిసింది. బాత్రూంలోకి వెళ్ళి సబ్బుతో, తర్వాత ఉప్పుతో, తర్వాత ఇసుకతో గోళ్ళు రుద్దుకున్నాడు. మసి పోలేదు. కుంచె మళ్ళీ పట్టుకుంటే వేళ్ళు వంగలేదు. ఇరాన్ పెట్టె వచ్చింది. మూత కూడా తెరవకుండా దాని ముందు రోజంతా కూర్చునేవాడు. నాదిర్ వచ్చి చూసి, తొందర లేదులే అని తలుపు దగ్గరగా వేసి వెళ్ళేవాడు.

ముక్కలు కొనడానికి వచ్చింది ఒక చైనా ముసలామె. మేడం లిన్ అంటారు. ముహర్రక్ వైపు పెద్ద పెద్ద దుకాణాలు ఉన్నాయట. పొట్టిగా, బొద్దుగా, నెరిసిన జుట్టు పిల్లాడిలా కత్తిరించుకుని, చేతిలో బట్ట సంచితో వచ్చింది. దుకాణాల్లో పనిచేసే మనవాళ్ళతో ఇన్నేళ్ళు వేగి బజారు హిందీ నేర్చుకుంది. నాదిర్ ఇంగ్లీషులో మొదలుపెడితే, "హిందీ బోలో, హిందీ మీఠా" అని నవ్వింది.

శుక్రవారం, ఎండ దిగుతున్న వేళ. కింది హాల్లో బల్ల మీద పెట్టె తెరిచి పెట్టారు. సత్యకుమారి పళ్ళూ కబాబులూ సర్దింది. ముత్తన్నను గిన్నెలు తెచ్చి ఇవ్వడానికి పిలిచారు. నాదిర్ తెల్ల చేతి తొడుగులు తీసి ఆమెకు ఇవ్వబోయాడు.

ఆమె వాటిని పక్కకు తోసేసింది. "మా నాన్న పండక్కి అందరినీ చుట్టూ కూర్చోబెట్టి ఈ ఆట ఆడించేవాడు. మాకు చిన్నప్పుడు ప్లమ్ నీళ్ళు పోసేవాడు. ఆ ముక్కలు మంటల్లో పోయాయి. ఇవి అద్దాల పెట్టెలో పెట్టుకోవడానికి కొనను. ఒక్క ఆట ఆడతాను. ఆడకుండా తీసుకోను."

నాదిర్ ముఖం కాస్త మారింది. కానీ బేరం పోగొట్టుకోవడం ఇష్టం లేదు. సంచిలోంచి ఆమె చిన్న సీసా ఒకటి తీసి చిట్టి గిన్నెల్లో పోసింది. "ఇద్దరితో ఆట ఏం బాగుంటుంది? వీళ్ళనూ కూర్చోమను" అంది. నాదిర్ పనివాళ్ళు కూర్చోరన్నాడు. "అయితే నిలబడి ఆడతారు" అంది. సత్యకుమారికీ ముత్తన్నకీ దానిమ్మ రసం పోయించింది.

మొదటి ముక్క ఆమె తీసింది. చదివి పకపకా నవ్వింది. "గడ్డం అందంగా ఉన్నవాడు తాగాలి!" నాదిర్ తాగాడు. రెండోది నాదిర్ తీసి ఆమెకు చదవడానికి ఇచ్చాడు. "ఆలస్యంగా వచ్చినవాళ్ళు తాగాలి" అంది. తానే తాగింది. మూడోది: "వంట చేసినవాళ్ళకు అందరూ పోయాలి." సత్యకుమారి సిగ్గుపడుతూ రసం తాగింది. ఆ ఇంట్లో ఆమె నవ్వడం ముత్తన్న అప్పుడే చూశాడు. ఆ మూడూ పాత ముక్కలే. ముత్తన్న మిగిలిన ముక్కల వెన్నులు చూస్తూ నిలబడ్డాడు. ఏది పాతదో ఏది తను వేసిందో వెన్ను చూస్తే అతనికి తెలుసు. తనది పైకి వస్తోంది.

ముసలామె చేయి చాచి తీసింది. చదివింది. ఈసారి నవ్వలేదు.

"ఇంటికి వెళ్ళలేనివాళ్ళు తాగాలి" అని నెమ్మదిగా చెప్పింది. "మా నాన్న ఈ ముక్క వస్తే లేచి నిలబడి తాగేవాడు." తన గిన్నె ఎత్తి ఖాళీ చేసింది. నాదిర్ కూడా మర్యాదకు ఎత్తాడు. ఆమె సత్యకుమారి వైపు తిరిగింది. "నువ్వు? ఎన్నాళ్ళయింది వెళ్ళి?"

సత్యకుమారికి ఆమె హిందీ అర్థమైంది. జవాబు చెప్పబోయి నాదిర్ ముఖం చూసింది. అతను చిన్నగా నవ్వుతూనే ఉన్నాడు. ఆమె చేతిలోని గిన్నె ఒరిగి దానిమ్మ రసం బల్ల గుడ్డ మీద ఒలికింది. గుడ్డ తుడవడానికి వంగింది, వంగినది లేవకుండా అలాగే ఏడ్చేసింది. చప్పుడు లేకుండా, భుజాలు మాత్రం ఎగిరిపడుతూ.

మేడం లిన్ ఆమెను చూసింది. చేతిలోని ముక్కను చూసింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని మళ్ళీ ముక్కను చూసింది. బొటనవేలితో ముక్కుపుడక చుక్కల మీద రాసింది.

"నాదిర్, ఇది ఎన్నాళ్ళ నాటిది?"

"మూడొందల ఏళ్ళు. ఎక్కువే ఉంటుంది."

"మూడొందల ఏళ్ళ కిందట ఈ పిల్ల మా దేశంలో పడవ నడిపిందా?"

 నాదిర్ ముక్క కోసం చేయి చాచాడు. ఆమె ఇవ్వలేదు. "ఎవరు వేశారిది?" అని అడిగింది. అడిగింది నాదిర్‌నే.

నాదిర్ ముత్తన్న వైపు చూడలేదు. చూడనవసరం లేదని అతనికి తెలుసు. ఆ మాట ముత్తన్నకు కూడా తెలుసు. నోరు తెరిస్తే జైలు. తెరవకపోతే మళ్ళీ పై గది, ఇరాన్ పెట్టె, టీ, శభాష్. ఇంకెన్ని పెట్టెలు వస్తాయో.  చేతిలోని పళ్ళెం బల్ల మీద పెట్టాడు, పడేస్తానేమోనని.

"మైనే బనాయా, మేడం" అన్నాడు.

చెప్పాక అతనికి ఏమీ అనిపించలేదు.  "ఇదొక్కటేనా?" అని ఆమె అడిగితే తను వేసినవన్నీ ఒక్కొక్కటే తీసి బల్ల మీద విడిగా పెట్టాడు.

నాదిర్ అప్పటికి తేరుకున్నాడు. "పనివాడు మేడం. పిచ్చి మాటలు. ఇతని మీద పారిపోయిన కేసు ఉంది, జాలిపడి పెట్టుకున్నాను" అన్నాడు. ఆమె వినిపించుకోలేదు. పెట్టె మూత వేసింది. లేచి నిలబడింది.  తలుపు దగ్గర చెప్పులు తొడుక్కుంటూ, "నా సంచి బరువుగా ఉంది. ఈ అమ్మాయిని కారు దాకా తెమ్మను" అంది.

ఆమె కారు, డ్రైవరుతో సహా, ప్రహరీ లోపలే ఉంది. అది బయటికి పోవాలంటే గేటు తెరవాలి. నాదిర్ మర్యాదస్తుడు, అతిథి వెళ్తుంటే గేటు తెరవకుండా ఉండలేడు. రిమోట్ నొక్కాడు. గేటు పక్కకు జరగడం మొదలుపెట్టింది. సత్యకుమారి సంచిని కారులో పెట్టింది. మేడం లిన్ వెనక తలుపు పట్టుకుని, "బైఠో" అంది.

సత్యకుమారి ఒక్క క్షణం చూసి ఎక్కేసింది. నాదిర్ మెట్లు దిగాడు. అప్పుడు కూడా గొంతు పెంచలేదు. "దాని పాస్‌పోర్టు నా దగ్గర ఉంది మేడం. మీకు దుకాణాలు ఉన్నాయి, చిక్కుల్లో పడకండి" అన్నాడు. తర్వాత ముత్తన్న వైపు తిరిగాడు. "నువ్వు మాత్రం లోపలికి వెళ్ళు. బయటికి అడుగు పెడితే నీ సంగతి ఏమవుతుందో నీకు తెలుసు."

ముత్తన్నకు తెలుసు. అందుకే గడప మీద అలాగే నిలబడిపోయాడు. ఎదురుగా గేటు బార్లా తెరిచి ఉంది. అవతల మామూలు వీధి. ఎవరో కారు కడుక్కుంటున్నారు. ఇన్నాళ్ళూ కలలోకి వచ్చిన గేటు అది. తెరిచి ఉంటే కాలు కదలడం లేదు. వెనక చల్లని గది, పరుపు, తాత గీతను మళ్ళీ చేతికి తెచ్చిన కుంచె. నిజం చెప్పాలంటే అతని ఒళ్ళు వెనక్కే లాగింది.

"అన్నయ్యా!" సత్యకుమారి కారులోంచి అరిచింది. "రా అన్నయ్యా! నిన్నొదిలేసి నేనెల్లను. నువ్వు రాకపోతే దిగిపోతాను, ఇద్దరం ఇక్కడే చద్దాం!"

ఆమె నిజంగానే ఒక కాలు కింద పెట్టింది. ఆ కాలు చూసి ముత్తన్న కదిలాడు. చెప్పులు లేవు. ఎండకు కాలిన నేల మీద దాదాపు పరిగెత్తుతూ వచ్చి కారులో పడ్డాడు. నాదిర్ రిమోట్ నొక్కాడు, గేటు మూసుకోబోయింది, కారు ముందు భాగం అప్పటికే దాని మధ్యలో ఉండేసరికి ఆగిపోయింది.

మేడం లిన్ వాళ్ళను ఏదో గొప్ప చోటికి తీసుకుపోలేదు. భయం ఆమెకూ ఉంది. దారంతా వేళ్ళు నలుపుకుంటూ కూర్చుంది. మన దేశపు ఎంబసీ ఉన్న వీధి మొదట్లో కారు ఆపించింది. "ఇక్కడి దాకానే" అంది. దిగుతుంటే ముత్తన్న చేయి పట్టుకుని, "దొంగ పని చేశావు. బాగా చేశావు" అంది. తిట్టిందో మెచ్చుకుందో అతనికి అర్థం కాలేదు. ఆమెను మళ్ళీ చూడలేదు.

శుక్రవారం కావడంతో ఎంబసీ మూసి ఉంది. గంగరాజు వచ్చి ఇద్దరికీ తెలిసినవాళ్ళ ఇళ్ళలో చోటు చూపించాడు. శనివారం కూడా సెలవే, ఆదివారం పొద్దున సత్యకుమారి వెళ్దాం పదమంది. ముత్తన్న రెండు రోజులు వెళ్ళలేకపోయాడు. వీధిలో హారన్ మోగితే పోలీసులే అనుకునేవాడు. మూడో రోజు ఆమె వచ్చి అతని చొక్కా తెచ్చి ముందు పెట్టి, తొడుక్కునేదాకా నిలబడింది.

వాళ్ళు ఊహించినట్టే నాదిర్ ముందే ఫిర్యాదు ఇచ్చాడు. ఇద్దరూ దొంగలనీ, పురాతనమైన ముక్కలు పాడుచేసి పారిపోయారనీ. ఎంబసీ మనిషిని వెంటబెట్టుకుని ముత్తన్న పోలీసు స్టేషన్‌కు వెళ్ళాల్సి వచ్చింది. లోపల కిటికీ లేని గది. బల్ల మీద ఆ చెక్కపెట్టే ఉంది. ఎదురుగా కూర్చున్న అధికారి వయసులో చిన్నవాడు, అలసిపోయి ఉన్నాడు. ముత్తన్న జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఎంబసీ మనిషి దాన్ని అధికారికి అరబ్బీలో చెప్పాడు.

అధికారి ఒక కాగితం, బాల్‌పెన్ ముందుకు తోశాడు. "నువ్వే వేశానంటున్నావు. వెయ్యి."

ముత్తన్న పెన్ను తీసుకున్నాడు. నాదిర్ టీ పోసి ఇచ్చిన నాటినుంచి అతను గీత గీయలేదు. ఇక్కడ చేయి వణికితే నాదిర్ మాటే నిజమవుతుంది. వణక్కపోతే దొంగముక్కలు వేసిన చేయి తనదేనని తానే రుజువు చేసినట్టు. ఎటు తిరిగినా గోడే. కాసేపు కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. అధికారి తొందరపెట్టలేదు.

తెడ్డు దగ్గర మొదలుపెట్టాడు. మొదటి గీత వంకర పోయింది. దాన్ని అలాగే వదిలేసి పక్కన ఇంకోటి గీశాడు. భుజం వచ్చింది. భుజం నుంచి అంగీ అంచుదాకా పెన్ను ఎత్తకుండా దిగాడు. దవడ, కనుబొమ్మల మధ్య ముడి. చివర రెండు చుక్కలు. అధికారి లేచి వచ్చి వెనక నిలబడ్డాడు. పెట్టెలోంచి ఆ ముక్క తీసి కాగితం పక్కన పెట్టాడు. గది బయట కూర్చున్న సత్యకుమారిని లోపలికి పిలిచి, ఆమె ముఖం కూడా చూశాడు.

"ఖలాస్" అన్నాడు. పెట్టె మూసి ఎంబసీ మనిషితో అరబ్బీలో చాలాసేపు మాట్లాడాడు. ఆ మాటల సారం ముత్తన్నకు తర్వాత చెప్పారు. అమ్మింది ఇతను కాదు, లాభపడింది ఇతను కాదు, నిజం తానే ఒప్పుకున్నాడు కాబట్టి సాక్షిగా ఉంచుతారు. అయితే సాక్ష్యం పూర్తయ్యేదాకా దేశం వదలకూడదు.

నాదిర్ బీరువాలోంచి సత్యకుమారి పాస్‌పోర్టు బయటికి వచ్చింది. ఆమె ముందు వెళ్ళిపోయింది. ఎయిర్‌పోర్టు నుంచి ఫోన్ చేసి, "నీ సాక్ష్యం అయ్యేదాకా ఉంటానంటే ఎంబసీవాళ్ళు ఒప్పుకోలేదన్నయ్యా" అని ఏడ్చింది. ముత్తన్న మాత్రం ఇంకా చాలా నెలలు గంగరాజు చూపించిన ఇరుకు గదిలో ఉన్నాడు. అక్కడ గేటు లేదు, రిమోట్ లేదు. అయినా పిలుపు వస్తే తప్ప కాలు బయట పెట్టలేకపోయేవాడు.

ఆ గదిలోంచే ఒక సాయంత్రం భూలక్ష్మికి వీడియో చేశాడు. వెనక పెచ్చులూడిన గోడ చూసి ఆమె ఉలిక్కిపడింది.

"గా ఏసీ రూం ఏమాయె? గంత మంచి పని ఎందుకు ఇడ్సిపెట్టినవ్?"

ఈసారి అతను మొదటి నుంచీ చెప్పాడు. కఫీల్ కేసు, గేటు, మసి, తను వేసిన ముక్కలు, అవి దేనికని తెలిసీ వేయడం. ఎక్కడా ఆగలేదు.  అంతా అయ్యాక తెర మీద ఆమె ముఖం కదలకపోతే నెట్ పోయిందేమో అనుకున్నాడు.

"వాడకట్టోళ్ళకు నేనేం జెప్పుకోవాలె?" అంది చివరికి.

"గిదే చెప్పు."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "నీ తిండి ఎట్ల మరి ఆడ? వండుకుంటున్నవా?"

"గంగరాజు తెస్తున్నడు."

"సాక్ష్యం ఎప్పుడంట?"

"వచ్చే నెల అంటున్నరు. పోయిన నెల కూడా గట్లనే అన్నరు."

"సరే. రోజు ఫోన్ జెయ్" అంది. "గని నిజం జెప్పు. మంచిగున్ననని ఊకె అనకు."

అనుకున్నట్టుగానే ఇంకో రెండు వాయిదాలు పడ్డాయి. ఆ తర్వాత ముత్తన్న సాక్ష్యం చెప్పాడు. నాదిర్ అవతల కూర్చుని, ఎప్పటిలాగే చక్కని గడ్డంతో, అతన్ని చూసి తల ఊపాడు. అతనికి ఏ శిక్ష పడిందో తెలుసుకునేదాకా ముత్తన్న ఆగలేదు. ఎంబసీవాళ్ళు కఫీల్ కేసు తీయించి, పాస్‌పోర్టుకు బదులు ఇచ్చిన కాగితం పట్టుకుని, వానలు మొదలయ్యే ముందు ఇల్లు చేరాడు.